పసుపు తిరగాల్సిన రసం

ఏ కేసులోనైనా గడియారం గారి మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్నింటికి?" పోలీసు ఉద్యోగంలో ఉండగా ఆ అలవాటు వల్లే ఆయనకా పేరు పడింది. రిటైరై ప్రైవేటు డిటెక్టివుగా బోర్డు పెట్టుకున్నా అది ఆయన్ని వదల్లేదు. ఆ సోమవారం ఉదయం మాత్రం ఆ ప్రశ్న అడగడానికి ఆయనకి నోరు రాలేదు. ఆసుపత్రి మూడో అంతస్తులో, కణజాల ల్యాబ్ బయట బెంచీ మీద ఒక మనిషి ఖాళీ కళ్ళజోడు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ల్యాబ్ నడిపే డాక్టరమ్మకి ఆయన భర్త, గడియారం గారిని పిలిపించింది ఆయనే. ఆమె పోయి మూడు రోజులైంది. ఆ సంగతి ఆయనకి తెలిసి మూడు గంటలైంది.

"శుక్రవారం రాత్రి ఎనిమిదింటి రైలండీ," అన్నాడాయన, అడక్కుండానే. "సదస్సుకి వెళ్ళాలి. పెట్టె పొద్దున్నే ఇక్కడికి తెచ్చేసుకుంది, ఇటునుంచి ఇటే స్టేషనుకి వెళ్ళొచ్చని. రెండ్రోజులు ఫోనెత్తకపోతే మీటింగుల్లో ఉందనుకున్నాను. విసుక్కున్నాను కూడా. మమ్మల్ని మరిచిపోయావా అని మెసేజ్ పెట్టాను."

గడియారం గారు ఆయన పక్కన కూర్చున్నారు. ఇలాంటిచోట చెప్పడానికి మాటలు దొరకవని ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన నేర్చుకున్నారు. అందుకని వెతకడం మానేశారు.

"కాలు జారి పడిందంటున్నారు. తను అలా పడే మనిషి కాదండీ. ఇంట్లో తడి ఆరేదాకా గడప దాటదు. నాకు ఎవర్నీ జైల్లో వేయించాలని లేదు. ఏం జరిగిందో తెలిస్తే చాలు. ఆఖర్న తన పక్కన ఎవరైనా ఉన్నారా, ఒక్కతే పోయిందా... అది తెలిస్తే చాలు."

అప్పుడే ల్యాబ్ తలుపు తెరుచుకుని ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చాడు. ఒకప్పుడు గడియారం గారి కింద పనిచేసినవాడే. అప్పట్లో తిన్న చీవాట్లు ఇంకా అరగలేదు.

"రండి సార్. టైము పదకొండూ అయిదు. మీరు వచ్చేసరికి కేసు అయిపోయింది," అన్నాడు.

"అయిపోయిందని ఎవరు చెప్పారు?"

"నేల మీద నీళ్ళు ఆరిన మరక, పక్కన పడిపోయిన స్టూలు, స్టీలు బల్ల అంచుకి రక్తం. చావు శుక్రవారం సాయంత్రం అయిదుకీ ఎనిమిదికీ మధ్యన అని పోలీసు డాక్టరు చెప్పారు. తలుపు కార్డు పెడితే తప్ప తెరుచుకోదు. శుక్రవారం లిస్టు తీయించాను. పొద్దున్న ఎనిమిదీ యాభైకి ఆవిడ కార్డు, తొమ్మిదీ రెండుకి టెక్నీషియన్ కార్డు. ఇంకెవరూ రాలేదు. టెక్నీషియన్ అయిదుంబావుకి ఇంటికెళ్ళింది. ఆవిడ కార్డు ఆవిడ మెడలోనే ఉంది. శని, ఆదివారాలు సెలవు. ఇవాళ ఎనిమిదింటికి ఊడ్చే ఆవిడ సెక్యూరిటీవాళ్ళ చేత తలుపు తీయించుకుని వచ్చి చూసింది. ఇంకేం కావాలి?"

"వెళ్ళేటప్పుడు కార్డు అక్కర్లేదా?"

"లోపల మీట నొక్కితే తెరుచుకుంటుంది. అది లెక్కలో పడదు."

"అంటే టెక్నీషియన్ అయిదుంబావుకి వెళ్ళిందని చెప్పింది టెక్నీషియనే."

ఇన్‌స్పెక్టరు ముఖం చిట్లించుకున్నాడు. జవాబు చెప్పేలోపు వరండా చివర నుంచి ఒక ఆడమనిషి గబగబా వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. తెల్లకోటు, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. ఆ టెక్నీషియన్ ఈమే, ఆ ల్యాబులో పదహారేళ్ళుగా పనిచేస్తోంది. అందరికీ అక్క. పోయిన డాక్టరమ్మ కూడా ఆమెని అక్కా అనే పిలిచేదట.

"సార్, సీలు వేస్తే వేసుకోండి. ఇంక్యుబేటరు కరెంటు మాత్రం తీయొద్దు. నన్నొక్క పది నిమిషాలు లోపలికి పంపండి. లోపల నాళం ఉంది సార్. తిండి మార్చాలి. బుధవారం ఆపరేషన్."

"ఎవరికి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మా అబ్బాయికి."

ఆమె చెప్పినదాంట్లోంచి ఏడుపు తీసేస్తే మిగిలిన కథ ఇది. కొడుక్కి ఇరవై నాలుగేళ్ళు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రెండేళ్ళ కిందట లిఫ్టు బరువు మీద పడి కటి ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గానీ దాని వెనకున్న మూత్రనాళం నాలుగంగుళాలు నలిగి మూసుకుపోయింది. అప్పట్నుంచీ పొట్టలోంచి రబ్బరు గొట్టం, నడుముకి సంచి. రెండుసార్లు కోసి అతికారు, రెండుసార్లూ మూసుకుపోయింది. అప్పుడు డాక్టరమ్మ ముందుకొచ్చింది. కుర్రాడి బుగ్గ లోపలి నుంచి బియ్యపుగింజంత చర్మం తీసి, అందులోని కణాల్ని ఆరు వారాలు పెంచింది. జంతువు పేగు పొరలోంచి ఆ జంతువు తాలూకు కణాలన్నీ కడిగేసి, మిగిలిన తెల్లటి వలని సన్నటి గొట్టంలా చుట్టి, దాని మీద కుర్రాడి కణాలు ఎక్కించింది. వాడి కణాలే కాబట్టి వాడి ఒళ్ళు కాదనదు. ఆ నాళం ఇప్పుడు లోపల, ఒంటి వేడంత వెచ్చదనంలో బతుకుతోంది.

"కుదరదమ్మా. లోపలున్నదంతా సాక్ష్యం," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కేసు అయిపోయిందన్నారుగా, మరి సాక్ష్యం దేనికి?" అన్నారు గడియారం గారు. "నా కళ్ళెదురుగా చేస్తుంది. మీ కానిస్టేబుల్ని వీడియో తీయమనండి. రెండేళ్ళు సంచి మోసిన కుర్రాడండీ. మీ సీలు కోసం వాడి నాళం చంపుతామా?"

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్ని ఫోను తీయమని సైగ చేసి, పక్కకి తప్పుకున్నాడు. మనిషి మరీ చెడ్డవాడు కాదు, తొందర ఎక్కువ అంతే.

డాక్టరమ్మని అప్పటికే తీసుకెళ్ళిపోయారు. నేల మీద సుద్దగీత మిగిలింది. మూలన చక్రాల పెట్టె, దాని పిడికి కట్టిన కొత్త తాళం. గడియారం గారు గుమ్మంలోనే నిలబడి గదంతా ఒకసారి చూపుతో తడిమారు. స్టీలు బల్ల మీద డాక్టరమ్మ కళ్ళజోడు ఉంది. కాళ్ళు మడిచి, అద్దాలు పైకి ఉండేలా పెట్టారు. వంగి చూస్తే కుడి అద్దానికి అంచున సన్నటి చీలిక, అద్దాలు మాత్రం తళతళా తుడిచి ఉన్నాయి.

పడినప్పుడు చీలిన జోడు తనంతట తాను లేచి బల్లెక్కదు. ఎవరో తీశారు. తీసి, తుడిచి, మడిచి పెట్టారు. చంపినవాడు చేసే పని కాదిది. పోయిన మనిషి మీద ప్రేమ ఉన్నవాళ్ళు చేసే పని.

బల్ల కింద చెత్తబుట్ట ఉంది. శుక్రవారం అయిదింటికి టెక్నీషియన్ లోపలి నుంచి తలుపు తీస్తే ఊడ్చే ఆవిడ వచ్చి దాన్ని ఖాళీ చేసిందని కానిస్టేబులు చెప్పాడు. ఇప్పుడందులో రసం పీల్చే పిపెట్లు చుట్టి వచ్చే కాగితాలు రెండు, ఒక జత గ్లౌజులు ఉన్నాయి. గ్లౌజులు ఒకదానిలో ఒకటి దూర్చి, పైన చిన్న ముడి వేసి ఉన్నాయి.

అక్క చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని ఇంక్యుబేటరు తెరిచింది. లోపల అర మీద అరచేయంత గాజుడబ్బా. అందులో ఎర్రటి రసం, ఆ రసంలో తెల్లగా, పెన్నులో రీఫిల్లు లావున నాళం. నాలుగంగుళాలే. దీని కోసమా ఇంత, అనిపించేలా ఉంది.

డబ్బా చూడగానే ఆమె ముఖంలో రక్తం ఇంకిపోయింది. గడియారం గారు అది గమనించారు. ఎందుకో మాత్రం ఆ క్షణాన అర్థం కాలేదు.

"ఏమ్మా, ఏదైనా చెడిందా?"

"లేదు సార్."

పని మొదలుపెట్టింది. పాత రసం పీల్చి పారేసి, కొత్తది గోడ వెంబడి చుక్కచుక్కగా పోసింది. ముఖం పాలిపోయినా ఒక్క చుక్క ఒలకనివ్వలేదు.

"ఈ రంగేమిటమ్మా?"

"తిండిలో రంగుమందు కలుపుతారు సార్. కొత్తగా పోసినప్పుడు ఎర్రగా ఉంటుంది. కణాలు తిని, పులుపు వదిలాక పసుపు తిరుగుతుంది. పసుపు తిరిగిందంటే తిన్నట్టు. అప్పుడు మార్చాలి."

"ఎన్నాళ్ళకి తిరుగుతుంది?"

"రెండ్రోజులకి." ఆ మాట చాలా మెల్లగా అంది.

డబ్బా లోపల పెట్టి తలుపు మూసింది. గ్లౌజులు విప్పి, ఒకదానిలో ఒకటి దూర్చి, పైన చిన్న ముడి వేసి బుట్టలో పడేసింది. పదహారేళ్ళ అలవాటు. చేస్తున్నానని కూడా తెలియకుండా చేసింది.

గడియారం గారు చూపు పక్కకి తిప్పుకున్నారు. జాలిపడి లోపలికి పంపింది తనే. ఆ జాలే ఆమెకి ఉచ్చయింది.

ఆమె బయటికి వెళ్ళాక ఆయన బల్ల మీది రిజిస్టరు తిప్పారు. తేదీ, సమయం, తీసిన రసం రంగు, సంతకం. రెండ్రోజులకో వరస. అన్నింట్లోనూ 'పసుపు' అనే ఉంది. ఆఖరిది గురువారం సాయంత్రం నాలుగున్నర, డాక్టరమ్మ సంతకం. రంగు గడిలో 'నారింజ' అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. ఆ గుర్తు సంగతి తర్వాత చూద్దామనుకున్నారు ఆయన.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఇలా రండి. ఈ నాళానికి చివరిసారి తిండి పెట్టింది గురువారం. రెండ్రోజులకి రసం పసుపు తిరగాలి. ఇవాళ సోమవారం, నాలుగో రోజు. నిమ్మకాయలా ఉండాల్సింది మందారంలా ఉంది. ఏమంటారు?"

"రంగులు చూసి కేసు తేల్చమంటారా?"

"ఆవిడ పోయాక ఎవరో వచ్చి తిండి మార్చారంటాను. శనివారం లిస్టు తీశారా?"

"చావు శుక్రవారమైతే శనివారం లిస్టు దేనికి?"

"దేనికో తర్వాత చెప్తాను. ముందు తీయించండి."

"మీరిప్పుడు నా పై ఆఫీసరు కాదు, సార్."

"కాదు కాబట్టే బతిమాలుతున్నా. లేకపోతే ఈపాటికి అరిచేవాణ్ణి."

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకోలేక, కోపం తెచ్చుకోలేక ఫోను తీశాడు. అయిదు నిమిషాల్లో కింద సెక్యూరిటీ గది నుంచి కాగితం వచ్చింది. ఇన్‌స్పెక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు.

"శనివారం పొద్దున్న పదీ నలభై," అన్నాడు. "డాక్టరమ్మ కార్డు."

"చూశారా. శుక్రవారం పోయిన మనిషి శనివారం తలుపు తీసుకుని వచ్చింది. వచ్చి కొడుకుకాని కొడుకు నాళానికి తిండి పెట్టి, కార్డు మళ్ళీ తన మెడలోనే వేసుకుని పడుకుంది."

ఆ మాటలో ఎగతాళి లేదు. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మెల్లగా, "టెక్నీషియన్ని పిలవనా?" అన్నాడు.

"నేను మాట్లాడతాను. మీరు మధ్యలో కసరకండి."

ల్యాబు పక్కనే రసాయనాల సీసాలు పెట్టుకునే చిన్న గది ఉంది. రెండు కుర్చీలు పడతాయి, అంతే. అక్క ఒకదాంట్లో కూర్చుంది. ఎదురుగా గడియారం గారు, తీసి ఉన్న తలుపుకి ఆనుకుని ఇన్‌స్పెక్టరు.

"శుక్రవారం ఎన్నింటికి వెళ్ళారమ్మా?"

"అయిదుంబావుకి."

"శనివారం ఎన్నింటికి వచ్చారు?"

గడియారం గారు జేబులోంచి రుమాలు తీసి విప్పారు. అందులో ముడివేసిన గ్లౌజులు రెండు జతలున్నాయి.

"ఒకటి ఇందాక నా ముందు వేశారు. రెండోది అంతకు ముందే బుట్టలో ఉంది. బుట్ట ఖాళీ చేసింది శుక్రవారం అయిదింటికి. కళ్ళజోడు తుడిచి పెట్టింది కూడా మీరేనని నాకు తెలుసు. తెలిసినందుకు నాకేం సంతోషంగా లేదు. చెప్పండమ్మా."

ఆమె గ్లౌజుల ముడిని వేలితో తడిమింది. "ముడి వేయమని నేర్పింది మేడమే, అన్నయ్యగారూ," అంది. "చేరిన కొత్తల్లో నేను ఎక్కడపడితే అక్కడ పడేసేదాన్ని. అక్కా, ఊడ్చేవాళ్ళ చేతికి తడి అంటుతుంది, ముడి వెయ్యి అంది. తను మాత్రం ఎప్పుడూ వేసేది కాదు."

నవ్వబోయింది. అది నవ్వు కాలేదు.

"శుక్రవారం నాళం కొసన గోరంత ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూసింది. సగం కణాలు చచ్చిపోయాయి, ఇది పెట్టలేం అక్కా అంది. పెడితే లోపల కుళ్ళి మూసుకుపోతుంది, కుర్రాడికి ఉన్నది కూడా పోతుంది, మూడు నెలలు ఓపిక పట్టు, మళ్ళీ చేస్తాను అంది. మూడు నెలలు! సర్జన్ గారు బుధవారం తర్వాత రెండు నెలలు సెలవు. ఈ రెండేళ్ళలో వాడు ఎన్నిసార్లు విన్నాడో ఆ మాట. వాడు ఎవరింటికీ వెళ్ళడు. వాసనొస్తుందేమో అని నా పక్కన కూడా కూర్చోడు, అన్నయ్యగారూ. నా కొడుకు, నా పక్కన కూర్చోడు."

"తర్వాత?"

"కొన్ని కణాలు చస్తాయి, మళ్ళీ పుడతాయి, ఇంకో నాలుగు రోజులు చూద్దాం అన్నాను. వినలేదు. రైలుకి టైమవుతోంది, వెళ్ళేలోపు దీన్ని తీసేస్తేనే నాకు మనశ్శాంతి, లేకపోతే నువ్వు వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి పెట్టించేస్తావ్ అంది. డబ్బా తీసుకుని పారేసే సంచి దగ్గరికి నడిచింది. నేను చెయ్యి పట్టుకున్నాను. లాక్కున్నాను. తను వదిలేసింది. నేను లాగిన విసురుకి తూలింది. కింద నీళ్ళున్నాయి. స్టూలు తగిలింది, తల బల్ల అంచుకి..."

గడియారం గారు ముందుకి వంగారు.

"చూశారా ఆవిడ్ని? ఊపిరి ఉందా అని?"

"చూశాను. లేదు." ఆమె ఒళ్ళో చేతులు నులుముకుంది. "కానీ ముందు డబ్బా చూశాను, అన్నయ్యగారూ. మూత ఊడలేదు కదా, రసం ఒలకలేదు కదా అని చూశాను. తీసుకెళ్ళి ఇంక్యుబేటర్లో పెట్టి, తలుపేసి, అప్పుడు వెనక్కి తిరిగి మేడమ్‌ని చూశాను. ఎంతసేపు పట్టిందో తెలీదు. ఒక నిమిషం. రెండు నిమిషాలేమో. ఆ రెండు నిమిషాల్లో ఊపిరి ఉందేమో, నాకు తెలీదు."

తలుపు దగ్గర చిన్న చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు వెనక డాక్టరమ్మ భర్త నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. చేతిలో అదే ఖాళీ డబ్బా. ఆఖర్న భార్య పక్కన ఎవరున్నారో ఆయనకి తెలిసిపోయింది. గోడకి ఆనుకున్నాడు.

"భయపడి మేడమ్ కార్డు తీసుకుని వెళ్ళిపోయాను. శనివారం వచ్చాను. నా కార్డు పెడితే పడుతుందని తెలుసు. తను అలాగే ఉంది. పక్కనే కూర్చుని తిండి మార్చాను. కళ్ళజోడు కింద పడుంటే చూడలేకపోయాను. కార్డు మెడలో వేసేటప్పుడు... ఎంత చల్లగా ఉందో."

ఇన్‌స్పెక్టరు ఇక చాలన్నట్టు ముందుకొచ్చాడు. గడియారం గారు చెయ్యెత్తి ఆపారు. ఇందాకట్నుంచీ ఒక ముల్లు ఆయనలో గుచ్చుకుంటూనే ఉంది.

"ఒక్కటి అర్థం కాలేదమ్మా. ఇందాక ఇంక్యుబేటరు తెరిచి ఎర్రటి రసం చూడగానే మీ ముఖం వాడిపోయింది. తిండి మార్చిన సంగతి బయటపడుతుందని భయమా?"

ఆమె తలెత్తింది. అంతసేపూ ఏడ్చిన కళ్ళు ఇప్పుడు పొడిగా ఉన్నాయి.

"నేను మార్చింది శనివారం పదీ నలభైకి. ఇవాళ సోమవారం పదకొండున్నరకి తీశాను. రెండ్రోజులు దాటింది."

రసం ఎరుపుని గడియారం గారు తప్పుగా చదివారు. ఆ తప్పే ఆయన్ని నిజం దగ్గరికి తీసుకొచ్చింది. రసం ఎర్రగా ఉన్నది కొత్తగా పోసినందువల్ల కాదు, తినడానికి లోపల ఎవరూ మిగలనందువల్ల. గురువారం నారింజ పక్కన డాక్టరమ్మ పెట్టిన ప్రశ్నకి జవాబు అదే.

"శనివారమే నారింజలా ఉంది," అంది అక్క. "దీపం వెలుగు అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. ఇవాళ కళ్ళు మూసుకోవడానికి లేకపోయింది."

"ఎందుకు చచ్చిపోయాయి?"

ఆ జవాబుకి ఇన్‌స్పెక్టరు కూడా నేలకేసి చూశాడు.

"పేగు పొరలోంచి జంతువు కణాలు పోగొట్టడానికి సబ్బులాంటి మందులో నానబెడతాం. ఆ మందు పోయేదాకా అయిదు రోజులు ఉప్పునీళ్ళలో కడగాలి. ఆరు గంటలకోసారి నీళ్ళు మార్చాలి. గోరంత మిగిలినా మెల్లగా ఊరి కణాల్ని చంపుతుంది. కడగడం నా పని. అందరికీ కడిగాను అయిదేసి రోజులు, పదహారేళ్ళుగా. వాడిదానికి నాలుగు రోజులే కడిగాను. అయిదో రోజు ఆగితే కణాలు ఎక్కించడం సెలవుల తర్వాతకి పోతుంది, బుధవారం తేదీ పోతుంది. అయిదో రోజు గళ్ళల్లో ఊరికే టిక్కులు పెట్టాను. మేడమ్ ఆ టిక్కులు నమ్మింది. నా టిక్కులు కదా, నమ్మింది."

ఆమె ఒళ్ళో ఫోను మోగింది. తెర మీద కుర్రాడి నవ్వు ముఖం, ప్రమాదానికి ముందుది. ఇన్‌స్పెక్టరు అందుకోబోయాడు. "ఉండండి," అన్నారు గడియారం గారు. "మాట్లాడనివ్వండి."

ఆ చిన్న గదిలో అవతలి గొంతు అందరికీ వినిపించింది.

"అమ్మా, తిండి పెట్టావా?"

"పెట్టాను నాన్నా."

"ఏ రంగొచ్చింది?"

రెండ్రోజులకోసారి అడిగే ప్రశ్నలా ఉంది. పసుపురా, బాగా తింటోంది అని ఆమె చెప్పడం, అవతల వాడు ఊపిరి పీల్చుకోవడం ఎన్నిసార్లు జరిగిందో. ఆమె పెదవులు ఆ మాట కోసమే కదిలాయి. బయటికి వచ్చింది వేరే మాట.

"ఎర్రగా ఉందిరా."

అవతల వాడే తేరుకుని, అమ్మని ఓదార్చే గొంతుతో అన్నాడు.

"పోన్లేమ్మా, ఏడవకు. డాక్టరమ్మకి చెప్పు. మళ్ళీ చేస్తుంది. మూడు నెలలేగా."